ఏసన్న ఆదివారాలు

డెబ్బై దాటినా నా కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. ఈ వయసులో ఇంత తిన్నగా నడుస్తున్నాడే అని వీధిలో వాళ్ళు మెచ్చుకుంటారు. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా నాకు నోట్లో చేదు ఊరుతుంది. ఇవి ఇంకొకరి కాలు తిని బతికిన కాళ్ళు. నలభై ఏళ్ళ పైగా ఈ మాటను లోపలే మోశాను. దించడానికి చోటు దొరకలేదు. దొరకలేదా, నేను వెతకలేదా?

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ళకు చెబితే ఓదారుస్తారు. ముసలివాణ్ణి ఓదార్చడం మర్యాద అనుకుంటారు. నాకు ఓదార్పు పనికిరాదు. చివరిదాకా వినండి, చాలు. నా పేరు మాత్రం రాయను. భయం వల్ల కాదు అని రాసి, కొట్టేశాను. భయం వల్లే.

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి మారిన ఏడాది అది. నాకు ముప్పై దాటాయి. యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి, యుద్ధం ముగిశాక ఇంటికి పంపేస్తే వచ్చి ఆదోనిలో ఒక పత్తి మిల్లులో కూలికి కుదిరాను. మిల్లు కూలి అంటే ఏడాదిలో సగమే. పత్తి వచ్చినన్నాళ్ళు ఊపిరాడనంత పని, పత్తి అయిపోతే గేటుకు తాళం. ఆ తాళం పడిన నెలల్లో మేం ఎలా బతికేవాళ్ళమో చెప్పను. ఆకలిని సాకుగా చూపించి జాలి పుట్టించడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ ఆకలి ఉండేదని మీకు తెలియాలి.

ఆ ఏడు కార్తీకమాసంలో మిల్లు సావుకారి ఒక మాట బయటపెట్టాడు. ఎమ్మిగనూరులో ఆయనకు వ్యాపారం ఉండేది. ఉత్తరాలు, బేరగాళ్ళకు చూపించే పత్తి మచ్చులు అటూ ఇటూ చేరవేయడానికి నమ్మకమైన మనిషి కావాలి. బస్సు రోజుకు ఒకటో రెండో వచ్చేది, అదీ వస్తే వచ్చినట్టు. నడవగల మనిషికి మిల్లు జవాను ఉద్యోగం, ఏడాది పొడవునా జీతం. ఎవరికివ్వాలో తేల్చడానికి పందెం పెట్టాడు. పుష్యమాసంలో ఒక దినం పొద్దు పొడవగానే ఆదోని నుంచి బయల్దేరి ఎమ్మిగనూరు పోయి మళ్ళీ ఆదోని చేరాలి. పోను పద్దెనిమిది మైళ్ళు, రాను పద్దెనిమిది మైళ్ళు. పరుగెత్తకూడదు. మొదట మిల్లు గేటు తాకినవాడికే ఉద్యోగం.

ఏసన్న అప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

ఆదోనికి ఐదు మైళ్ళ దూరంలో ఒక పల్లె అతనిది. మా మిల్లులోనే బస్తాలు మోసేవాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. సన్నగా, పొడుగ్గా, గట్టి కండలతో ఉండేవాడు. పొద్దున ఐదు మైళ్ళు నడిచి పనికి వచ్చి, సాయంత్రం ఐదు మైళ్ళు నడిచి ఇంటికి పోయేవాడు. వాళ్ళది కిరస్తానీ పేట. ఆదివారం మాత్రం పనికి రాడు. ఆ రోజు వాళ్ళ ప్రార్థన గుడిలో కంజీర కొట్టి పాడేవాడట. పాటలయ్యాక ఆ గుడి పంచలోనే సాయంత్రం దాకా పడుకునేవాడట. సోమవారం మిల్లుకు వచ్చినప్పుడు అతని ముఖం కడిగినట్టు ఉండేది. అతనికి వచ్చిన పాటలన్నీ మాకూ వచ్చేశాయి, అంతగా పాడేవాడు సోమవారాలు.

పటాలంలో నడక నేర్పుతారని ఎవరో చెబితే విని వచ్చాడు. నాకూ నేర్పు అన్నా అని అడిగాడు. నేనూ పందేనికి పోతున్నానని అతనికి తెలుసు. తెలిసే అడిగాడు. ఇద్దరిలో ఎవరు గెలిచినా ఒక కొంపలో పొయ్యి వెలుగుతుంది కదా అన్నాడు.

మొదట నిజంగానే నేర్పాను. ఇది నా తప్పును తగ్గించడానికి చెప్పడం లేదు, పెంచడానికే చెబుతున్నాను. తెలియక చెడగొట్టిన మనిషిని కాదు నేను. మడమ ముందు ఎలా ఆనించాలో, ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు ఎలా కుదించాలో, అంబలిలో ఉప్పు ఎంత వేసుకోవాలో, నీళ్ళు ఒక్కసారిగా తాగకుండా గుక్క గుక్కగా ఎలా తాగాలో అన్నీ చెప్పాను. సాయంత్రం మిల్లు ఎదుటి టీ అంగడి దగ్గర కలిసేవాళ్ళం. నేను బెంచీ మీద, అతను కింద. మా ఇంటికి నేను ఏనాడూ పిలవలేదు, అతనూ వస్తానని అనలేదు. అప్పుడు అదేమీ తప్పుగా తోచలేదు. ఇప్పుడు అనుకుంటాను, ఏసన్న మా వీధివాడై, మా ఇంట్లో ఒక్క పూట నా పక్కన కూర్చుని తిన్నవాడై ఉంటే నేను ఆ పని చేసి ఉండేవాణ్ణా అని. జవాబు తెలుసు. రాయడానికి చేయి రావడం లేదు.

ఒక్క సంగతి మాత్రం నేను అతనికి చెప్పలేదు. అది చెప్పాలంటే పటాలంలో చూసింది చెప్పాలి.

మాతో పాటు చేరినవాళ్ళలో ఒక తమిళ సిపాయి ఉండేవాడు. రోజూ మూటలు వీపున కట్టుకుని మైళ్ళకు మైళ్ళు నడిపించేవాళ్ళు. అతను మోకాలి కింద ముంగాలు నొప్పి అన్నాడు. దొంగ నొప్పి అని హవల్దారు నడిపించాడు. ఒకనాడు పొద్దున, చదునైన నేల మీద, రాయి తగలకుండా, కాలు జారకుండా, నడుస్తూ నడుస్తూనే అతని ఎముక విరిగింది. ఎండిన కట్టె విరిగిన చప్పుడు వచ్చింది. తరవాత పటాలం డాక్టరు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి చెప్పాడు. నడక ఎముకను కొంచెం కొంచెంగా నలుపుతుందట. పడుకున్నప్పుడు ఆ నలిగింది మళ్ళీ అతుక్కుంటుందట, ముందుకంటే గట్టిగా. అతుక్కోకముందే మళ్ళీ నడిస్తే నలిగినచోటే నలుగుతుందట. బలం నడకలో లేదు, నడక తరవాతి పడకలో ఉంది అన్నాడు. ఆ దినం నుంచి మాకు మూడు దినాల నడక, నాలుగో దినం కాళ్ళు ఎత్తున పెట్టి పడుకోవడం. నాకు మా ఊరి లెక్కలో అర్థమైంది. తడి ఆరని గోడ మీద మిద్దె ఎత్తకూడదు, అంతే.

ఏసన్నకు అది చెప్పాల్సిన పని లేదనుకున్నాను. అతనికి ఆదివారం ఉంది. ఏ డాక్టరూ చెప్పకుండానే అతని దేవుడు అతనికి ఆరు దినాల నడక, ఒక దినం పడక ఇచ్చాడు. అందుకే అతని కాళ్ళు అంత గట్టివని నాకు ఒక్కడికే తెలుసు.

మార్గశిరం మొదట్లో ఇద్దరం కలిసి ఎమ్మిగనూరు దాకా నడిచి చూద్దాం అనుకున్నాం. ఆరేకల్లు దాటేదాకా పక్కపక్కనే నడిచాం. ఆ తరవాత అతను ముందుకు పోయాడు. నన్ను వెనక్కు నెట్టాలని కాదు, అతని నడకే అది. చూస్తుండగానే చేలగట్ల అవతల తెల్లటి తలగుడ్డ మాత్రం కనిపించింది. తరవాత అదీ లేదు. నేను ఎమ్మిగనూరు చేరేసరికి, మగ్గాల చప్పుడు వినిపించే మొదటి వీధి మొగదల ఏసన్న ఒక రాతి మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద చెమట కూడా ఆరిపోయింది. నా కోసం సొరబుర్రలో నీళ్ళు నింపి ఉంచాడు. ఇవ్వాలా వద్దా, నేను తాగుతానో లేదో అని సందేహపడుతూ చేయి చాపాడు. తాగాను. దాహం అలాంటిది. తాగాక పైగుడ్డతో నోరు తుడుచుకున్నాను, అతను చూస్తుండగానే.

పందెంలో గెలిచేది ఇతనే అని అప్పుడే తెలిసిపోయింది. పటాలంలో నడక నేర్చిన నాకంటే ముందు, బస్తాలు మోసే మనిషి, నేను నేర్పిన నడకతోనే చేరి, నా కోసం కూర్చుని ఎదురుచూశాడు. కోపం వచ్చిందని చెబితే అబద్ధం. అది కోపం కంటే చల్లగా ఉండింది. ఆ తిరుగుదారి పద్దెనిమిది మైళ్ళూ నేను ఆలోచిస్తూ నడిచాను. ఆదోని కొండలు కనిపించేసరికి నాకు దారి దొరికింది.

మరుసటి వారం ఏసన్నతో, ఇక ఆదివారం కూడా నడవాలని చెప్పాను. అతను వెనకాడాడు. పని చేయకూడని దినం కదా అన్నాడు. నడక పనెట్లా అవుతుంది అన్నాను. మీ పల్లె గుడికి బదులు ఆదోని పెద్ద గుడికి నడిచి పో, ప్రార్థనా అవుతుంది నడకా అవుతుంది, అటునుంచి అటే పెద్దతుంబళం దాకా పోయి రా అన్నాను. ఒక దినం ఆగితే కాలు తుప్పు పడుతుంది అన్నాను. ఈ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో నాకే తెలియదు. కాలు ఇనుమా తుప్పు పట్టడానికి? కానీ అతను నమ్మాడు. పెద్దతుంబళం దారి నీది, ఎమ్మిగనూరు దారి నాది, నేనూ దినం తప్పకుండా తెల్లవారుతూనే పది మైళ్ళు నడిచి వస్తున్నానని చెప్పాను.

నేను నడిచేవాణ్ణి. మూడు దినాలు నడిచి, నాలుగో దినం ఎండ ఎక్కేదాకా గోడకు కాళ్ళు ఆనించి పడుకునేవాణ్ణి, డాక్టరు చెప్పినట్టే. పడుకున్న దినాల్లో మిల్లుకు పోయే ముందు ఒక పని చేసేవాణ్ణి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. మిగతా అన్నిటికంటే ఇది రాయడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. మోకాళ్ళ కింద నీళ్ళు చల్లుకుని, సందులో బండ్లు తిరిగిన చోటి మెత్తని దుమ్ము తెచ్చి కాళ్ళకు పూసుకునేవాణ్ణి. చెమట మీద దుమ్ము పట్టినట్టు కనిపించేది. ఏసన్న కింద కూర్చునేవాడు కదా, అతని కళ్ళకు ఎదురుగా ఉండేవి నా కాళ్ళే.

మా ఆమె ఈరమ్మ అది చూసింది. ఏమిటిదని అడిగితే పందెంలో వాళ్ళను నమ్మించడానికి అన్నాను. ఎవరిని అని ఆమె అడగలేదు. నేను ఇంటికి రాగానే కాళ్ళకు నీళ్ళు పోయడం ఆమెకు అలవాటు. ఆ దినం నుంచి చెంబు గడప దగ్గర పెట్టి లోపలికి పోయేది.

మూడు ఆదివారాలు గడిచాయి. ఏసన్న సోమవారం పాటలు తగ్గాయి. తరవాత లేవు. ముఖం పీక్కుపోయింది. బస్తా కింద వంగినప్పుడు ఎడమకాలు ముందు పెట్టడం మానేశాడు. నేను అన్నీ చూస్తున్నాను. వైద్యుడు రోగిని చూసినట్టు కాదు, వేటగాడు చూసినట్టు చూస్తున్నాను.

పందేనికి పన్నెండు దినాలు ఉందనగా సాయంత్రం టీ అంగడి దగ్గర అతను పంచె పైకి లాగి కాలు చూపించాడు. ఆ మాటలు ఒక్కటీ మరిచిపోలేదు. మరిచిపోవడానికి చాలా పాటుపడ్డాను.

"అన్నా, ఈడ సూడు. ఒక్క తావునే నొస్తాంది. వేలు పెడితే పానం పోతాంది."

ముంగాలి ఎముక మీద, మోకాలికి జానెడు కింద, రూపాయి బిళ్ళంత వాపు. పటాలం డాక్టరు ఆ తమిళ సిపాయి కాలు నొక్కినట్టే నేను బొటనవేలితో నొక్కాను. ఏసన్న పళ్ళు బిగించాడు. అరవలేదు. నాకు తెలిసిపోయింది. అనుమానం కూడా మిగల్లేదు.

"ఎన్ని దినాలాయ?" అన్నాను.

"పది దినాలయింటాది. మొదట నడిసినప్పుడే నొస్తాండె. ఇప్పుడు పండుకున్నా నొస్తాంది. నాలుగు దినాలు నిలిపేద్దునా అన్నా? పోనీ ఈ ఆదివారమన్నా నిలిపేద్దునా?"

అతను నన్ను అనుమతి అడుగుతున్నాడు. తన దేవుడు ఇచ్చిన దినాన్ని నన్ను అడుగుతున్నాడు. ఒక్క మాట చాలు. నిలుపు అంటే చాలు. పన్నెండు దినాలు పడుకుంటే బహుశా పందెంలో దిగలేకపోయేవాడేమో, కాలు మాత్రం దక్కేది. అప్పుడు కూడా ఉద్యోగం నాకే వచ్చేది. ఇది మీరు గమనించారో లేదో, నేను మాత్రం నలభై ఏళ్ళుగా గమనిస్తూనే ఉన్నాను. నిలుపు అని చెప్పి ఉన్నా నేనే గెలిచేవాణ్ణి. మరి ఎందుకు అనలేదు? నిలపమంటే, ఇంతకాలం ఎందుకు నడిపించావు అని అడుగుతాడేమోనని. అంతేనా? ఆ సొరబుర్ర నీళ్ళు కూడా ఉన్నాయి. అతను నా కోసం ఎదురుచూసిన ఆ కాసేపు కూడా ఉంది.

"నిలిపితే ఇన్ని దినాలు నడిసిందంతా మట్టిపాలయితాది" అన్నాను. "అది నొప్పి కాదు ఏసన్నా, ఎముకకు బలమెక్కుతాండాది. నాకూ అట్లే నొచ్చె. నేను నిలిపినానా?"

అతను నా కాళ్ళ వైపు చూశాడు. ఆ దినం వాటి మీద ఉన్నది పూసుకున్న దుమ్మే.

"లేదన్నా. నువ్వు నిలపలేదు."

"మరి నడువు."

"సరే అన్నా. నీకు తెలిసినంత నాకేం తెలుసు" అని పంచె దించుకుని, లేచి, పల్లె దారి పట్టాడు. ఐదు మైళ్ళు.

పందెం దినం పదకొండు మందిమి బయల్దేరాం. చలి బాగా ఉంది. మిల్లు గుమాస్తా సైకిలు మీద వెంట వచ్చాడు. ఏసన్న కాలికి గుడ్డ గట్టిగా చుట్టుకుని వచ్చాడు. మొదటి మైలు కుంటుతూనే నడిచాడు. కాలు వేడెక్కాక కుంటు కనిపించకుండా నడిచాడు. ఎట్లా నడిచాడో నాకు తెలియదు. ఎమ్మిగనూరులో సావుకారి అంగడి ముందర, అక్కడిదాకా వచ్చినట్టు గుర్తుగా ఇచ్చే చీటీ తీసుకుని, వెనుదిరిగి వస్తూ అతను నాకు దారిలో ఎదురయ్యాడు. బనవాసి దగ్గర. నాకంటే అంత ముందున్నాడు, ఆ కాలితో. ముఖమంతా తెల్లగా పాలిపోయింది. నన్ను చూసి నవ్వాడు.

నేను చీటీ తీసుకుని తిరిగి వస్తుంటే తక్కినవాళ్ళు ఒక్కొక్కరే దారి పక్కన కూలబడి కనిపించారు. చివరికి ముందు ఏసన్న, వెనక నేను. ఎండ నడినెత్తికెక్కి పడమటికి వాలుతోంది. ఆరేకల్లు ఇంకా రాలేదు. దూరంగా అతని తలగుడ్డ కనిపిస్తోంది. కనిపిస్తున్నది ఒక్కసారిగా కిందికి పోయింది.

దగ్గరికి వచ్చేసరికి అతను మైలురాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాలు మోకాలి కింద వంకర తిరిగి ఉంది. రాయి లేదు, గుంత లేదు, చదునైన బాట. గుమాస్తా సైకిలు వెనకెక్కడో ఉండిపోయింది. మేమిద్దరమే. నేను ఆగాను. ఆగానని రాశాను, నిజానికి అడుగు నెమ్మది చేశాను, అంతే. అతను నన్ను చూసి చేయి ఊపాడు.

"పో అన్నా. నువ్వన్నా గెలుసుకో."

పోయాను. వెనక్కు చూడలేదు. మొదటి తప్పు నెల దినాలు ఆలోచించి చేసింది, ఇది ఆలోచించకుండా చేసింది. రెండింటిలో ఏది పెద్దదో మీరే చెప్పాలి. తరవాత ఎమ్మిగనూరు నుంచి వచ్చే పత్తి బండి వాడు అతణ్ణి ఎక్కించుకున్నాడట. ఆ బండి ఆదోని చేరేసరికి నేను మిల్లు గేటు ముందర మెడలో పూలదండతో కుర్చీలో కూర్చుని ఉన్నాను.

కట్టు కట్టేవాడు వెదురుబద్దలు పెట్టి కట్టాడు. ఎముక అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. నెల తరవాత ఒక్కసారి చూడబోయాను. ఒక్కసారే. గుడిసె ముందర నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. అతని భార్య మరియమ్మ వేయించిన శనక్కాయలు చేటలో తెచ్చి పెట్టింది. నేను వాటిని ఒలుచుకుంటూ కూర్చున్నాను. ఏమైనా తిడతాడేమో, తిడితే బాగుండునేమో అనుకున్నాను. అతను నాకే ధైర్యం చెప్పాడు.

"నువ్వు మంచికే సెప్పినావన్నా. తప్పు నాది. దేవుని దినాన్ని నడకకు పెట్టినాను. దానికే కొట్టినాడు."

అంతకుముందు ఆదివారమే కర్ర పట్టుకుని గుడిలో నిలబడి, అందరి ముందర ఆ పాపం ఒప్పుకున్నాడట. లేని పాపం అతను అంతమంది ముందర ఒప్పుకున్నాడు. ఉన్న పాపం నా నాలుక మీద ఉంది, శనక్కాయలతో పాటు మింగేశాను. లేచి వచ్చేశాను.

ఒక్క మాటతో అతని దేవుణ్ణి అతనికి తిరిగి ఇవ్వగలిగేవాణ్ణి. నిన్ను కొట్టింది దేవుడు కాదు ఏసన్నా, నేను, అంటే చాలు. కాలు పోయినా దేవుడు మిగిలేవాడు. ఆ మాట అంటే ఉద్యోగం పోతుందని అప్పుడు భయం. పదేళ్ళ తరవాత ఉద్యోగం పోయే భయం లేదు. అప్పుడూ అనలేదు. ఎందుకు? అప్పటికి అనకపోవడమే ఇంకో తప్పయి కూర్చుంది. ఆలస్యానికి జవాబు చెప్పుకోవడం నేరానికి జవాబు చెప్పుకోవడం కంటే కష్టమని నాకు అప్పుడు తెలిసింది.

ఇక బస్తాలు మోయలేక ఏసన్న కుటుంబంతో ఎమ్మిగనూరు చేరాడు. ఒక నేతగాడి ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టే పని. నేను సావుకారి సంచి భుజాన వేసుకుని వారానికి మూడు దినాలు ఎమ్మిగనూరు పోయేవాణ్ణి. మిగతా దినాలు గేటు దగ్గర స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఒకనాడు నడక, ఒకనాడు కూర్చోవడం. నా కాళ్ళకు అంతకంటే చక్కని ఏర్పాటు ఎవడు చేయగలడు? అందుకే ఇవి ఇంకా ఇట్లా ఉన్నాయి. ఆ నేతగాడి వీధి మాత్రం తప్పించి, చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

తప్పించినా వార్తలు వచ్చేవి. ఏసన్న కంజీర ముట్టడం మానేశాడని విన్నాను. ఆదివారం వస్తే నీళ్ళు తప్ప ఏమీ ముట్టడట. మరియమ్మను పొయ్యి కూడా వెలిగించనివ్వడట. నేతగాడికి జాతర ముందు పని తొందర పడి ఒక్క ఆదివారం రమ్మంటే పోలేదట, ఆ పని కూడా పోగొట్టుకుని కొన్నాళ్ళు పస్తులున్నాడట. ఒకప్పుడు అతను పాడుతూ గడిపిన దినం అది, పంచలో హాయిగా నిద్రపోయిన దినం. ఆ దినానికి అతను భయపడటం మొదలుపెట్టాడు. కాలు విరగ్గొట్టానని నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను, అసలు విరగ్గొట్టింది ఆ ఆదివారాన్ని.

ఈరమ్మ ఒకే ఒక్కసారి నోరు తెరిచింది, జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు. ఒకపారి పోయి సెప్పి రాగూడదా అంది. ఏమి చెప్పాలో ఆమె అనలేదు, నేను అడగలేదు. పోతాలే అన్నాను. ఆమె పోయింది. తరవాత రెండేళ్ళకు ఏసన్న పోయాడని తెలిసింది, పూడ్చిన మూడు వారాలకు.

అప్పుడు పోయాను. బస్సులో పోయాను. మరియమ్మకు చూపు సరిగా లేదు. గొంతు విని గుర్తుపట్టింది. మనవడి పెళ్ళి గురించి, వానల గురించి మాట్లాడింది. చివరి దినాల్లో ఏసన్న పాస్టరు గారిని పదేపదే ఒకటే అడిగాడట, ఆ ఆదివారాల తప్పు క్షమించాడా దేవుడు అని. ఎప్పుడో క్షమించాడని ఆయన చెప్పాడట. ఏసన్న తల అడ్డంగా ఊపాడట. నమ్మలేదు. ఈ మాట మరియమ్మ మామూలుగా, చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ చెప్పింది. నీ గురించి మాత్రం మంచిగానే చెప్పేవాడు అంది.

నేను గొంతు సవరించుకున్నాను. ఆమె చెవి నా వైపు తిప్పింది. బస్సు వేళయిందని లేచాను.

ఇంత పిరికివాడు కాగితం మీద ధైర్యం చూపించడం చూసి మీకు నవ్వు రావచ్చు. రావాలి కూడా. ఇది మరియమ్మకు చదివి వినిపించే ధైర్యం నాకు ఇంకా లేదు. వస్తుందని మాట ఇవ్వను. మాటలివ్వడం నాకు బాగా వచ్చు.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు ఉన్న మనిషి ఎమ్మిగనూరు మట్టిలో ఉన్నాడు, తానే తప్పు చేశానన్న నమ్మకంతో ఉన్నాడు. నేను చేయగలిగింది ఒక్కటే. అతను గుడిలో ఒప్పుకున్న మాటను కొట్టేసి, దాని పక్కన అసలు మాట రాయడం. ఏసన్న ఏ పాపమూ చేయలేదు. అతను ఆగుదామన్నాడు. ఆగాల్సిందేనని తెలిసి కూడా నేనే నడవమన్నాను.

రాశాను. మళ్ళీ ఒకసారి చదివాను, ఒక్క మాటా మార్చలేదు. ఇన్నేళ్ళకు ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.